లింట్ మర ఆపడం నిజంగానే మరిచిపోయాడా?

నోట్లో పెట్టుకోగానే కరిగిపోవడం చాక్లెట్‌కు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. బ్రిస్టల్‌లో ఫ్రై కంపెనీ 1847లోనే తినే చాక్లెట్‌ను అచ్చుపోసినా, అది గరుకుగా పళ్లకు తగిలేది. ముద్ద ఎంత గట్టిగా ఉండేదంటే అచ్చుల్లో అదిమి నింపాల్సిందే.

1879లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో, ఆరే నది ఒడ్డున, రొడాల్ఫ్ లింట్ పాత యంత్రాలతో చాక్లెట్ చేస్తున్నాడు. అప్పటికి పాతికేళ్లు నిండలేదు. ఒక శుక్రవారం సాయంత్రం మర ఆపడం మరిచి వెళ్లిపోయాడట. సోమవారం వచ్చి చూస్తే తొట్టిలో నున్నగా నిగనిగలాడుతూ జారే చాక్లెట్! కథ బాగుంది గానీ నాకైతే నమ్మబుద్ధి కాదు. రోజుల తరబడి తిప్పడమే కాదు, ముద్దలో అదనంగా కోకో వెన్న కూడా కలిపాడాయన. ఆ ఆలోచన మతిమరుపు వల్ల రాదు కదా.

ఆ మర పేరు కోంచ్. అంచులు వంపు తిరిగిన రాతి తొట్టి, అందులో అటూ ఇటూ దొర్లే రాతి రోలరు. రోలరు వచ్చిన ప్రతిసారీ వెచ్చని చాక్లెట్ అంచుకు కొట్టుకుని, ఎగసి, తిరగబడుతుంది. దాంతో గాలి తగిలి తేమా, కోకో గింజలు పులిసినప్పటి ఘాటైన పులుపూ ఎగిరిపోతాయి. ప్రతి రేణువు చుట్టూ కోకో వెన్న పొరలా పడుతుంది. ఇక నాలుకకు గరుకు తెలియదు. రాయి చేసే ఈ పని మనకు కొత్తేమీ కాదు. అమెరికాలో చిన్న ఎత్తున చాక్లెట్ చేసేవాళ్లలో చాలామంది మన ఇడ్లీ పిండి గ్రైండర్‌కే మార్పులు చేసి వాడుతున్నారు.

మిగతా పని కోకో వెన్నది. అది దాదాపు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మన ఒంటి వేడి 37. మే నెల విజయవాడలో అయితే నోటి దాకా వెళ్లక్కర్లేదు, జేబులోనే కరిగి కూర్చుంటుంది.

లింట్ ఈ కిటుకును ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పలేదు. చివరికి 1899లో ఫ్యాక్టరీనీ, పేరునూ, కిటుకునూ కలిపి జ్యూరిక్‌కు చెందిన చాక్లెట్ కంపెనీ స్ప్రుంగ్లీకి 15 లక్షల బంగారు ఫ్రాంకులకు అమ్మేశాడు. తర్వాత లింట్ బంధువులు బెర్న్‌లోనే పోటీగా చాక్లెట్ ఫ్యాక్టరీ తెరిచారు. లింట్ అన్న పేరు ఎవరిదన్న తగువు కోర్టుకెక్కి ఏళ్ల తరబడి నలిగింది.