దారిద్ర్యమును కొలిచిన వర్తకులు

దారిద్ర్యమును గూర్చి మాటలాడువారిలో రెండు తెగలవారు గలరు. లెక్క తేలువఱకు ఏమియు చేయరాదని యొక తెగవారందురు. ఆకలిగొన్నవానికి లెక్కతో పనియేమి, అన్నము పెట్టుడని రెండవ తెగవారందురు. రెండు మాటలును వినుటకు బాగుగనే యుండును. కాని లెక్కలేని దయ చేరవలసిన యింటికి చేరదు. దయలేని లెక్క బీరువా దాటి రాదు. ఈ రెంటిని కలుపుటకు పూనుకొనినవారిలో కొందఱు వర్తకులగుట చరిత్రలో గమనింపదగిన విశేషము. సరకు లెక్క చూడని కొట్టు నిలువదని వర్తకుడెఱుగును. లెక్క చూచియు ఊరకుండుట వ్యర్థమనియు నెఱుగును.

ఛార్లెస్ బూత్ లివర్‌పూలు నగరమున తోళ్లవ్యాపారమును, పొగయోడల వ్యాపారమును నడిపినవాడు. లండను నగరమందు బీదలెందఱో తెలిసికొనుటకై 1886లో నతడు స్వంత ధనముతో విచారణ మారంభించెను. పిల్లలు బడికి వచ్చుచున్నారో లేదో చూచుటకై యిల్లిల్లు తిరుగు ఉద్యోగులకు ప్రతి కుటుంబపు స్థితియు తెలియును. బూత్ సహాయులు వారినడిగి వీధివీధికి వివరములు వ్రాసికొనిరి. కలిమిలేములను బట్టి వీధులకు రంగులు వేసి పటములు గీసిరి. 1889లో మొదటి సంపుటము వెలువడెను. 1903 నాటికి సంపుటములు పదునేడయ్యెను. లండను జనులలో నూటికి 30.7 మంది దారిద్ర్యమున నున్నారని తేలెను. వార్ధక్యము దారిద్ర్యమునకు గొప్ప కారణమని గ్రహించి, బూత్ వృద్ధులకు పింఛను కావలెనని వాదించెను. 1908లో ఇంగ్లండున, డెబ్బదియేండ్లు నిండిన బీదవృద్ధులకు వారమునకు 5 షిల్లింగుల వఱకు ఇచ్చు చట్టము వచ్చెను. దానికి బూత్ వాద మొక్కటియే కారణము కాదు గాని, అతని లెక్కలు దానికి బలమిచ్చెను.

సీబోమ్ రౌన్‌ట్రీ యార్కు పట్టణమున కోకో, చాకొలెట్లు చేయు కర్మాగారపు కుటుంబమువాడు, రసాయనశాస్త్రము చదివినవాడు. 1899లో నతడు తన పట్టణమందలి 11,560 కార్మిక కుటుంబముల స్థితిని విచారించెను. దేహము నిలుచుటకు ఎంత యాహారము కావలెనో శాస్త్రజ్ఞుల లెక్కల వలన తెలిసికొని, దానికి ఇంటియద్దె, బట్టలు, వంటచెఱకు మొదలగువాని వెల కూర్చెను. తల్లిదండ్రులును ముగ్గురు పిల్లలును గల కుటుంబమునకు వారమునకు 21 షిల్లింగుల 8 పెన్నీలు కావలెనని తేల్చెను. ఇందులో వార్తాపత్రికకు గాని, బండికూలికి గాని, దూరమున నున్న బిడ్డకు జాబు వ్రాయుటకు గాని చోటు లేదు. ఇంత తక్కువగా లెక్కించినను పట్టణపు జనులలో నూటికి 9.91 మంది ఆ గీతకు దిగువనే యుండిరి. అట్టివారి బీదతనమునకు ముఖ్యకారణము త్రాగుడు కాదు, సోమరితనము కాదు. సగమునకు మించినచోట్ల, నిత్యము పనిచేయుచున్నను చాలినంత కూలి రాకపోవుటయే. “వారి కర్మ” యని చేతులు దులుపుకొనువారికి ఇంతకన్న గట్టి సమాధానము వేఱొకటి లేదు.

అయినను అతని పద్ధతిలో కొఱత లేకపోలేదు. ఆదాయము చాలియుండియు అందులో కొంత వేఱు వ్యయములకు పోవుటచే బీదలైనవారు మఱి 17.93 మందియని యతడు చెప్పెను. ఇంటి దుస్థితిని కంటితో చూచి చేసిన నిర్ణయములే ఆ లెక్కకు మూలము. పైగా ఆకలిగీతనే న్యాయమైన కూలియని యజమానులు పొరబడు నపాయము గలదు. రౌన్‌ట్రీ దీనిని గ్రహించి, మనుష్యునికి తగిన కూలి అంతకంటె నెక్కువ యుండవలెనని 1918లో ప్రత్యేక గ్రంథము వ్రాసెను. 1936లో యార్కును మరల విచారించినపుడు మునుపటికంటె హెచ్చు ప్రమాణమును గైకొనెను. అతని కర్మాగారమున 1906లోనే పనివారికి పింఛను ఏర్పడెను.

రౌన్‌ట్రీ గ్రంథము వెలువడిన 1901లోనే, భారతదేశ దారిద్ర్యమును గూర్చి దాదాభాయి నౌరోజీ గ్రంథమును లండనులో వెలువడెను. ఆయన బొంబాయిలో గణితాచార్యుడు. పిమ్మట లండనులో వర్తకుడు. 1867–70 సంవత్సరముల లెక్కలను బట్టి భారతీయుని సగటు ఆదాయము ఏడాదికి 20 రూపాయలని యాయన గణించి, చెఱసాలలో ఖైదీకగు వ్యయముతో పోల్చి చూపెను. ప్రభుత్వోద్యోగులు 1882లో వేఱుగ లెక్కించి 27 రూపాయలనిరి. ఏడు రూపాయలను గూర్చి వాదింపవచ్చును. ఆకలిని గూర్చి వాదము మిగులలేదు.

ఇట్టి ప్రయత్నము మన హైదరాబాదులోను జరిగినది. బీద స్త్రీలకు చిన్న అప్పులిచ్చు వ్యాపారము దారిద్ర్యమును పోగొట్టునని లోకమంతట ప్రచారము సాగుచున్న కాలమది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో మొదలగు ఆర్థికశాస్త్రజ్ఞులు నగరమందలి 104 బీదపేటలను తీసికొనిరి. చీట్లు వేసినట్లు వానిలో సగమును ఎన్నుకొనగా, స్పందన యను సంస్థ 2005 తరువాత ఆ పేటలలో శాఖలు తెఱచెను. మిగిలిన పేటలతో పోల్చిచూడగా, ఉన్న చిన్నవ్యాపారములకు కొంత పెట్టుబడి పెరిగినది గాని, కుటుంబముల మొత్తము వ్యయము పెరిగినట్లు గాని, పిల్లల చదువు, ఆరోగ్యము, స్త్రీల స్వాతంత్ర్యము మెఱుగుపడినట్లు గాని కానరాలేదు. తొలిఫలితములు 2009లో తెలిసినను, పూర్తి వ్యాసము శాస్త్రపత్రికలో అచ్చగుటకు 2015 వచ్చెను. ఈలోపుననే 2010లో, అప్పుమీద అప్పు చేసి నలిగిన కుటుంబముల కష్టములును, ఆత్మహత్యల వార్తలును ఆంధ్రప్రదేశమును కలచివేసెను. ఆ అక్టోబరులో, అప్పులిచ్చు సంస్థలు నమోదు కావలెననియు బలవంతపు వసూళ్లు కూడవనియు ప్రభుత్వము ఆర్డినెన్సు చేసెను.

శాస్త్రజ్ఞుల లెక్క తప్పని మేమనము. వారడిగిన ప్రశ్నకు నిజాయితీగల యుత్తరమే దొరికినది. గొప్ప ప్రచారమును అది నేలకు దింపినది. కాని వాయిదానాడు గుమ్మములో నిలిచిన ఇల్లాలి ప్రశ్న వేఱు: ఈ వారము కట్టలేకపోయినచో నా గతి యేమి? ఆ ప్రశ్నకు సగటు లెక్కలో చోటు లేకపోయినది. కావున ప్రశ్నను బీదయింటి గడపయొద్ద వెదకవలెను. ఉత్తరమును మాత్రము శాస్త్రము యొక్క కఠినమైన త్రాసులో తూచవలెను. ప్రశ్న తప్పినచో నిక్కమైన యుత్తరమును నిరుపయోగమగును. తూనిక తప్పినచో మంచి ప్రశ్నయు మోసమునకు తావిచ్చును.

బీదలను ఉద్ధరించు వ్యాపారమని యెవరైన మన ముందుకు వచ్చినపుడు, చదువరులారా, మనము మూడు సంగతులడుగుదము. లెక్క చూచినవారెవరు, ఆ లెక్క వలన లాభమెవరికి? సాయమందినవారిని అందనివారితో పోల్చి చూచిరా? తేలిన ఫలితమును ఆ బీదవారికే మొదట వినిపించిరా? కడపటి ప్రశ్నను పండితులును వర్తకులును తఱచుగ మఱచుచుందురు. మనము మఱవరాదు.