మహల్లా ఖాతాలో ఉమ్మత్

మసీదుల జూబిలీ సంచికలు తిరగేస్తే ఎక్కువగా కనబడేది కట్టడం చరిత్ర. శంకుస్థాపన ఏ సంవత్సరం జరిగింది, మినార్లు ఎప్పుడు లేచాయి, పై అంతస్తుకు స్లాబు ఎవరు వేయించారు, వజూ చేసే చోట బండలు ఎవరు పరిపించారు వంటివి. దాతల పేర్లు గుర్తుంచుకోవడం మంచి పనే. అయితే మసీదు ఒక కట్టడం, జమాత్ ఒక సంస్థ. సంస్థ చరిత్ర రాయాలంటే తెరవవలసింది ఖాతా పుస్తకం, అందులోనూ జమ కన్నా ముందు ఖర్చు చూడాలి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాల్లో శుక్రవారం నమాజు తర్వాత చేసే దువాలో ప్రపంచమంతటి ముస్లిముల క్షేమం కోరతాం. ఆ కోరికలో ఎంత నిజం ఉందో తేలేది మాత్రం అదే వీధిలో అప్పులపాలైన కుటుంబానికి జమాత్ నుంచి ఏం అందిందన్న దగ్గరే. ఉమ్మత్ (ప్రపంచ ముస్లిం సముదాయం) ఐక్యతకు పునాది మహల్లాలోనే పడుతుందనీ, అక్కడ పడకపోతే మరెక్కడా పడదనీ ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను.

జమ్మలమడుగుకు పడమట, పెన్న లోయ అంచున ఉన్న గండికోటలో కట్టడానికీ సంస్థకూ ఉన్న తేడా కళ్లకు కడుతుంది. 1650 ప్రాంతంలో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా సేనాని మీర్ జుమ్లా పెమ్మసాని నాయకుల నుంచి ఈ కోటను పట్టుకున్నాడు. 1652లో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే అక్కడికి వచ్చాడు. కోటలోని జామియా మసీదు ధాన్యాగారానికి పక్కన, మాధవరాయ ఆలయానికి చేరువలో, విశాలమైన ఆవరణతో, కమానుల వసారాలతో ఇప్పటికీ నిలిచే ఉంది. కేంద్ర పురావస్తు శాఖ దాన్ని కాపాడుతోంది. కాని ఆ ఆవరణలో భుజం భుజం కలిపి నిలబడినవాళ్లు కరువు సంవత్సరాల్లో ఒకరినొకరు ఎలా ఆదుకున్నారో, దిక్కులేని శవానికి కఫన్ ఎవరు తెచ్చారో చెప్పే ఆధారం ఆ గోడల్లో దొరకదు. అదే గండికోట పేరున్న జలాశయం కింద 2020లో తాళ్లప్రొద్దుటూరు మునిగింది. ఊరు విడిచి పునరావాస కాలనీలకు చేరిన కుటుంబాల సంగతి ఇందుకు పూర్తిగా తలకిందులు. వాళ్ల పాత గోడలు నీళ్లపాలయ్యాయి, మనుషులు మిగిలారు. మనుషులుంటే రేకుల షెడ్డు కిందైనా జమాత్ మళ్లీ లేస్తుంది. మనుషులు లేకుండా ఎంత గొప్ప కమానైనా జమాత్‌ను నిలబెట్టలేదు.

ఈ మాటకు మూలం మదీనాలోనే ఉంది. 622లో మక్కా నుంచి చేతులూపుకుంటూ వచ్చిన ముహాజిర్లను ప్రవక్త ముహమ్మద్ (స) మదీనా అన్సార్లతో ఇద్దరిద్దరిగా సోదరులుగా కలిపారు. ఐక్యత గురించి ప్రసంగంతో సరిపెట్టలేదు, ఎవరి బాధ్యత ఎవరిదో పేరు పేరునా తేల్చారు. ముహాజిర్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్‌కు అన్సారీ సఅద్ బిన్ రబీ తన ఆస్తిలో సగం ఇవ్వజూపాడు. అబ్దుర్రహ్మాన్ ఆయన్ను దీవించి, బజారు ఎటువైపో చూపిస్తే చాలన్నాడు. జున్ను, నెయ్యి వ్యాపారంతో మొదలుపెట్టి కొద్దికాలంలోనే నిలదొక్కుకున్నాడు. బేరసారాల మీద బతికే ప్రొద్దుటూరు వంటి ఊరికి ఈ వృత్తాంతం ఎంత దగ్గరిదో వేరే చెప్పనక్కర్లేదు. ఇచ్చేవాడు సగం ఆస్తికి సిద్ధపడ్డాడు, తీసుకునేవాడు తన కాళ్ల మీద తాను నిలబడే దారి మాత్రమే అడిగాడు. పరస్పర సంరక్షణ అంటే ఈ రెండూ కలిసినప్పుడే.

ప్రొద్దుటూరు బంగారం అంగళ్ల ఊరు కాబట్టి జకాత్ (తప్పనిసరి దానం) లెక్క ఇక్కడివాళ్లకు త్వరగా అర్థం కావాలి. కాని ఒకచోట చాలామంది తడబడతారు. బంగారానికి నిసాబ్, అంటే జకాత్ తప్పనిసరయ్యే కనీస పరిమాణం, ఏడున్నర తులాలు. నేటి అంగడి తులం పది గ్రాములు. నిసాబ్‌లో చెప్పేది పాత తులం, అంటే 11.664 గ్రాములు. ఆ లెక్కన నిసాబ్ 87.48 గ్రాములవుతుంది, 75 కాదు. వెండికైతే యాభై రెండున్నర తులాలు, 612.36 గ్రాములు. అంతకు తగ్గని సొత్తు చాంద్రమాన సంవత్సరం నిలిస్తే అందులో నలభయ్యో వంతు తీయాలి. నూరు గ్రాముల నగలున్న ఇల్లాలు ఏటా రెండున్నర గ్రాముల విలువ పక్కన పెట్టాలన్నమాట. ధరించే నగకు జకాత్ ఉందని హనఫీలు, లేదని షాఫయీలు చెబుతారు. రాయలసీమలో అత్యధికులు హనఫీలే గనుక ఇక్కడి ఇళ్లలో బీరువాలోని నగకైనా మెడలోని నగకైనా లెక్క ఒకటే. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ నగ ఇల్లాలిది, దాని మీది జకాత్ బాధ్యతా ఆమెదే. అలాంటప్పుడు ఆ డబ్బు ఎవరికి చేరాలో నిర్ణయించే చోట ఆమె మాటకు స్థానం లేకపోవడం న్యాయం కాదు. ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో కమిటీ పెద్దల కంటే ముందు తెలిసేది వీధిలోని ఆడవాళ్లకే.

ఇక ఆ డబ్బు ఎటు పోవాలి? ఖురాన్ జకాత్‌కు ఎనిమిది రకాల హక్కుదారులను పేర్కొంది. పేదలు, అప్పుల్లో మునిగినవారు, బాటసారులు వారిలో ఉన్నారు. మసీదు గోడకు జకాత్ సొమ్ము వాడకూడదని ఫిఖా పండితుల్లో అత్యధికులు తేల్చారు. హనఫీ పద్ధతిలోనైతే ఆ సొమ్ము హక్కుదారుడి చేతికే అంది అతని సొంతం కావాలి. అంటే గోడల చరిత్రలో ఈ డబ్బు ఎన్నటికీ కనబడదు. మన పట్టణాల్లో పేదరికం ఎక్కువగా కంతుల రూపంలో ఉంటుంది. తోపుడు బండి మీద పండ్లు అమ్మేవాడు పొద్దున పెట్టుబడికి అప్పు తెచ్చి సాయంత్రం వడ్డీతో కలిపి కడతాడు. బండల పాలిష్ ఫ్యాక్టరీలో దుమ్ము పీల్చే కూలీ కూతురి పెళ్లికి తెచ్చిన అప్పుకు వారం వారం కంతు కడతాడు. రంజాన్ చివరి రోజుల్లో అంగడి ముందు వరుసకట్టినవారికి పదీ ఇరవై పంచిపెడితే ఇచ్చినవాడికి తృప్తి కలుగుతుంది, ఆ కంతు మాత్రం కదలదు. అదే డబ్బు జమాత్ ఉమ్మడి నిధి అయిన బైతుల్‌మాల్‌లో ఒకచోట చేరితే ఏడాదికి కొన్ని కుటుంబాలైనా ఆ అప్పు నుంచి పూర్తిగా బయటపడతాయి. తర్వాతి రంజాన్‌కు ఆ ఇంటివాడు వరుసలో నిలబడడు.

దీనికి రెండు ఆక్షేపణలు వస్తాయి, రెండూ తీసిపారేయదగ్గవి కావు. జకాత్ ఇచ్చే స్వేచ్ఛ ఇచ్చేవాడిదే కదా, కమిటీ చేతికి ఎందుకివ్వాలి అని ఒకటి. నిజమే, పేద బంధువుకు నేరుగా ఇస్తే దానం పుణ్యం, బంధుత్వం పుణ్యం రెండూ దక్కుతాయని ధర్మమే చెబుతోంది. కాబట్టి మొత్తం తెచ్చి పెట్టెలో వేయమని ఎవరూ అడగకూడదు. బంధువుల్లో ధనవంతులు లేని పేదవాడి సంగతేమిటన్నదే నా ప్రశ్న. అతనికి జమాతే బంధువు. రెండోది నమ్మకం గురించి. వక్ఫ్ ఆస్తులు అన్యాక్రాంతమైన కథలు విని విని జనం కమిటీలంటే వెనకాడుతున్నారు. ఈ అనుమానానికి జవాబు మాటల్లో దొరకదు. తీసుకున్నవారి పేర్లు దాచి, ఎన్ని కుటుంబాలకు, ఏ అవసరానికి, ఎంత అన్నది ఏటా మసీదు నోటీసు బోర్డు మీద అంటించాలి. వక్ఫ్ ఆస్తుల వివరాలను 2025 సవరణ చట్టం కేంద్ర పోర్టల్‌లో నమోదు చేయమంది. ఆ చట్టం మీద ఎవరి అభిప్రాయం ఎలా ఉన్నా, దస్తావేజులు సర్ది పెట్టుకోని జమాత్‌కు ఏ చట్టం కిందా రక్షణ ఉండదు.

ఐక్యతకు ఇంతకన్నా కఠినమైన పరీక్ష మన లోపలే ఉంది. పత్తి పండే ఈ నేలలో విల్లుతో దూది ఏకిన దూదేకులవారు, నూర్‌బాషాలు తరతరాలుగా తెలుగే ఇంటి భాషగా బతికారు. వాళ్లకు ఉర్దూ రాదని, పేర్లు హుస్సేనప్ప, మస్తానమ్మ అని, పీర్ల పండుగ చేస్తారని వాళ్లను పక్కవరుసలో నిలబెట్టినవాళ్లు ఉన్నారు. పెళ్లి సంబంధాల దగ్గర ఆ గీత ఇంకా చెరగలేదు. ఒక్క సఫ్‌లో నిలబడి నమాజు చదివి, పెళ్లిపందిట్లో వంశాలు వెతకడం ఏ ఉమ్మత్‌కూ వన్నె తేదు. రిజర్వేషన్ల చరిత్ర కూడా ఈ గీతను చూపిస్తుంది. దూదేకులవారు 1970 నుంచే బీసీ జాబితాలో ఉన్నారు. ఇతర ముస్లిం వెనుకబడిన వర్గాలకు బీసీ-ఇ కింద నాలుగు శాతం కల్పిస్తూ 2007లో చట్టం వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డిది పులివెందులే. సయ్యద్, మొఘల్, పఠాన్ వంటి వర్గాలను ఆ చట్టం మినహాయించింది. అది సముదాయాన్ని చీల్చిందని బాధపడేవాళ్లున్నారు. నా దృష్టిలో చట్టం కొత్తగా చీల్చింది లేదు. అప్పటికే ఉన్న అంతరాన్ని కాగితం మీద పెట్టింది, పిల్లలకు సీట్లు తెచ్చిపెట్టింది. ఇక భాష సంగతికి వస్తే, పులివెందుల నియోజకవర్గంలోని వేంపల్లె నుంచి వచ్చిన వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ కథల సంపుటికి 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ముస్లిం బతుకులు తెలుగులోనే చెప్పగలిగినప్పుడు, శుక్రవారం బయాన్ తెలుగులో చెప్పడానికి జంకెందుకు? దర్గాకు వెళ్లేవాళ్లు, వెళ్లనివాళ్లు, తబ్లీగ్‌లో తిరిగేవాళ్లు, అహలె హదీస్‌వాళ్లు వేర్వేరు మసీదుల్లో నమాజు చదివితే చదవనీ. జనాజా మోసే భుజాలు, రోగికి కావలసిన రక్తం సీసా మాత్రం మస్లక్ (ఏ పంథా అని) అడగకూడదు.

ఇలా ముస్లిముల ఐక్యత అంటూ మాట్లాడితే ఇరుగుపొరుగుకు దూరమవుతాం కదా అని అడిగేవాళ్లకూ జవాబివ్వాలి. మన కడప జిల్లా అనుభవం అలా లేదు. ఉగాది నాడు దేవుని కడప వెంకటేశ్వరుడి గుడికి ముస్లిములు వెళతారు. కడప పెద్ద దర్గా ఉరుసుకు అన్ని మతాలవాళ్లూ వస్తారు. అనంతపురం కళాశాలలో తెలుగు చెప్పిన చిలుకూరి నారాయణరావు గారు ఖురాన్‌ను తెలుగు చేశారు. మన గ్రంథాన్ని మన భాషలోకి తేవడానికి పొరుగువాడు పూనుకున్నాడంటే అది చిన్న రుణం కాదు. పక్కనే కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ 1947లో ఉస్మానియా కళాశాల స్థాపించారు. ముస్లిం పిల్లల చదువు కోసం మొదలైన ఆ విద్యాసంస్థలో అన్ని మతాల పిల్లలూ చదువుకున్నారు. 2016లో ఏర్పడిన ఉర్దూ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు. తనవాళ్ల కోసం గట్టిగా నిలబడ్డ సంస్థ పరాయివాళ్లకు తలుపు వేయనక్కర్లేదని ఆ కళాశాల చూపించింది.

ప్రపంచం మాట మిగిలింది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు ఒక ముస్లిం దేశం మరో ముస్లిం దేశం మీద పడింది. కడప జిల్లా నుంచి పొట్టకూటికి వెళ్లినవాళ్లు, హిందువులూ ముస్లిములూ, ఒకే బస్సుల్లో ఎడారి దాటి, ఒకే విమానాల్లో తిరిగొచ్చారు. ప్రభుత్వాల ఐక్యత ఎంత పెళుసో కువైట్ తెలిసిన కడపవాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఖద్దామా (ఇంటి పనిమనిషి) వీసా మీద వెళ్లిన ఆడమనిషికి యజమాని మతం తనదే అయినంత మాత్రాన జీతం వేళకు అందుతుందన్న హామీ లేదు. అందుకే ఉమ్మత్‌ను రాజ్యాల్లో వెతకకుండా మనుషుల మధ్య బాధ్యతలో వెతకమంటున్నాను.

అలాగని పాలస్తీనాను, రోహింగ్యాలను మరిచి మన వీధితోనే ఆగిపోదామా? ఈ ప్రశ్నకు తొలి తరంలోనే జవాబు దొరికింది. ప్రవక్త (స) ముఆజ్ బిన్ జబల్‌ను యెమెన్‌కు పంపుతూ అక్కడి ధనికుల నుంచి తీసుకున్నది అక్కడి పేదలకే చేర్చమన్నారు. తర్వాత ఉమర్ ఖలీఫాగా ఉన్న కాలంలో ముఆజ్ వసూలైన దానిలో మూడో వంతు మదీనాకు పంపితే, నిన్ను పన్ను పోగుచేసి పంపడానికి పంపలేదని ఖలీఫా అభ్యంతరం చెప్పాడు. ఇక్కడ తీసుకునేవాళ్లు లేకనే పంపానని ముఆజ్ బదులిచ్చాడు. మరుసటి ఏడాది సగం, ఆ పై ఏడాది మొత్తం పంపాడని ఆ వృత్తాంతం చెబుతుంది. మన లెక్కా ఆ వరుసలోనే సాగాలి. ప్రొద్దుటూరు మహల్లాల జాబితాలో ఒక రంజాన్‌కు అప్పుల ఇళ్లు తగ్గితే మిగిలింది జమ్మలమడుగు, మైలవరం పల్లెలకు పోవాలి. పులివెందులలో మిగిలితే లింగాల, సింహాద్రిపురం మండలాల్లో జమాత్ చిన్నదై చందా చాలని ఊళ్లకు పోవాలి. హైదరాబాదు బాలాపూర్ గుడిసెల్లో తలదాచుకున్న రోహింగ్యా కుటుంబాలకు, అక్కడి నుంచి గాజా దాకా, ఆపద వచ్చినప్పుడు సదఖా (ఐచ్ఛిక దానం) ఈ వరుస కోసం ఆగనక్కర్లేదు, అది ఎప్పుడైనా ఎక్కడికైనా వెళ్లవచ్చు. జకాత్ ఖాతాలో మాత్రం మొదటి పేజీ మన వీధిది. ఈ మూడు పట్టణాల జమాతులు ఏడాదికొకసారి ఒకచోట కూర్చుని ఆ పేజీలు పక్కపక్కన పెట్టి చూసుకునే పని ఈ ఏడాదే మొదలుకావచ్చు.