ఆ మధ్య పన్ను ఎవరిది?

పోయిన ఎపిసోడ్‌లో నా మాట తేడాగా ఉందని చాలామంది కామెంట్ పెట్టారు. కారణం సింపుల్. కింది దవడలో నాకు ఒక పన్ను లేదు.

రెండేళ్ల కింద దానికి రూట్ కెనాల్ చేయించుకున్నా. క్యాప్ తప్పకుండా వేయించుకోండి అన్నారు డాక్టర్. నొప్పి పోయింది కదా, మళ్ళీ ఖర్చెందుకు అనుకున్నా. అప్పటికింకా జాబ్‌లోనే ఉన్నా, ఎర్రర్ కనిపించకపోతే టికెట్ క్లోజ్ చేసేసే బుర్ర మరి. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "క్యాప్ వేయించుకున్నావా నాన్నా?" అనేది. "ఈ వీకెండ్ అమ్మా" అనేవాణ్ణి. మొన్న సంక్రాంతికి చేగోడీ కొరికితే పన్ను నిలువునా చీలింది. తీసేశారు.

ఇప్పుడు బ్రిడ్జి. అంటే అటూ ఇటూ ఉన్న రెండు మంచి పళ్ళని అరగదీసి, వాటికి క్యాప్‌లు తొడిగి, మధ్యలో ఒక ఉత్తుత్తి పన్నుని ఆ రెండింటికీ అతికించడం. ఒక క్యాప్ డబ్బులు మిగుల్చుకుని మూడు పళ్ళకి బిల్లు కట్టానన్నమాట.

"ఇది జిర్కోనియా, కంప్యూటర్‌లో డిజైన్ చేసి మెషీన్ మీద చెక్కుతారు" అన్నారు డాక్టర్. మరి ఇది రాకముందు ఆ మధ్య పన్ను ఎక్కణ్ణుంచి తెచ్చేవాళ్ళు? ఆ డౌట్‌తో వెతకడం మొదలుపెడితే రాత్రి రెండయింది.

ఇటలీలో రోమన్ల కంటే ముందు ఓ వెలుగు వెలిగిన ఎట్రుస్కన్లు దాదాపు 2,600 ఏళ్ల కిందే ఈ పని చేశారు. సన్నటి బంగారు రేకుని పక్క పళ్ళ చుట్టూ చుట్టి, ఖాళీలో ఇంకో పన్ను బిగించేవాళ్ళు. ఐడియా అచ్చం నా బ్రిడ్జే! పెట్టింది మాత్రం మనిషి పన్ను, లేదా పశువు పన్ను చెక్కి చేసింది.

ఇక్కణ్ణుంచి కథ ఇబ్బందిగా మారుతుంది. ఆన్‌సైట్‌లో ఉన్నవాళ్ళు ఒక డాలర్ నోటు తీసి చూడండి. దాని మీదున్న జార్జ్ వాషింగ్టన్ పెదాలు బిగించి ఉంటారు. 1789లో అమెరికా మొదటి ప్రెసిడెంట్‌గా ప్రమాణం చేసేటప్పటికి ఆయన నోట్లో సొంత పన్ను ఒక్కటే ఉంది. చెక్క పళ్ళు పెట్టుకునేవారని కథలు చెప్తారు, అది అబద్ధం. ఆయన కట్టుడు పళ్ళలో వాడింది నీటి ఏనుగు దంతం, సీసం, ఇంకా మనుషుల పళ్ళు. 1784 నాటి ఆయన ఖాతాలో ఒక పద్దు ఉంది: డెంటిస్ట్ లెక్క కింద నల్లజాతివాళ్ళకి 9 పళ్ళ కోసం 6 పౌండ్ల 2 షిల్లింగులు. ఆ పళ్ళు ఆయన నోట్లోకే వెళ్ళాయని పద్దులో లేదు. కానీ అమ్మినవాళ్ళు ఆయన ఎస్టేట్‌లో బానిసలు అయ్యుంటారని చరిత్రకారులు అంటారు. బానిస "అమ్మడం" అంటే ఏంటో మీరే ఆలోచించండి. నేనైతే ఆ లైన్ మూడుసార్లు చదివా.

1815లో వాటర్లూ యుద్ధం. నెపోలియన్ ఓడిపోయాడని స్కూల్లో చదివాం. ఆ మైదానంలో చనిపోయిన కుర్ర సైనికుల పళ్ళు పీకి అమ్ముకున్నారని మాత్రం ఎవరూ చెప్పలేదు. డబ్బున్నవాళ్ళ కట్టుడు పళ్ళలోకి వెళ్ళిన అలాంటి పళ్ళకి "వాటర్లూ పళ్ళు" అనే పేరే స్థిరపడింది.

పింగాణీ పళ్ళు అప్పటికే వచ్చాయి. అయితే ఉన్న పన్నుని కాపాడే పింగాణీ తొడుగు తెచ్చింది డెట్రాయిట్ డెంటిస్ట్ చార్లెస్ ల్యాండ్, 1880ల చివర్లో. పన్ను అరగదీసి, దాని ఆకారానికి పలచటి ప్లాటినం రేకు అద్ది, దాని మీద పింగాణీ పేర్చి కొలిమిలో కాల్చేవాడు. తర్వాత రేకు తీసేసి, తొడుగుని పన్నుకి అతికించేవాడు. ఊరికే పగిలేది, నిజమే. లోపల లోహం ఉండే గట్టి క్యాప్‌లకి 1950లు దాటాల్సి వచ్చింది. అన్నట్టు, 1927లో ఒంటరిగా అట్లాంటిక్ మీదుగా విమానం నడిపిన లిండ్‌బర్గ్ ఈయన మనవడే, కూతురి కొడుకు.

నా మూడు పళ్ళ బ్రిడ్జి వచ్చే మంగళవారం బిగిస్తారు. అందులో ఎవరి పన్నూ లేదు, తెల్లటి దిమ్మ నుంచి చెక్కిందే. అమ్మకి ఇంకా చెప్పలేదు. ఈ వీడియో చూశాక ఫోన్ వస్తుంది, వెళ్ళి రెడీగా ఉంటా. బై!