ఆ రోజు రుబిన్‌స్టైన్ వాయించిన పాట

పోలండ్ చరిత్ర చెప్పమని మా ఊరు బలసముద్రం నుంచి ఎవరు అడిగినా నేను రాజుల పేర్లతో మొదలుపెట్టను. 1945లో జరిగిన ఒక పియానో కచేరీతో మొదలుపెడతాను. అది జరిగింది పోలండ్‌లో కూడా కాదు, అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో. అయినా నేను వచ్చి స్థిరపడిన ఈ పోలండ్ మనసు ఆ కచేరీలో తెలిసినంతగా నాకు ఏ పాఠ్యపుస్తకంలోనూ తెలియలేదు.

ఆ ఏడాది ఏప్రిల్ 25న ఐక్యరాజ్యసమితిని స్థాపించడానికి ప్రపంచ దేశాల ప్రతినిధులు శాన్‌ఫ్రాన్సిస్కోలో సమావేశమయ్యారు. రెండు నెలలు చర్చలు జరిగాయి. చివరికి యాభై దేశాలు సమితి చార్టర్ మీద సంతకాలు చేశాయి. మనకింకా స్వాతంత్ర్యం రాలేదు, అయినా మన దేశం పేరిట ఒక సంతకం పడింది. ఆ ప్రతినిధి వర్గానికి నాయకుడు సర్ ఆర్కాటు రామస్వామి మొదలియార్, పుట్టింది మన కర్నూలులో. బానిస దేశానికి కూడా కుర్చీ వేసిన ఆ సభలో పోలండ్‌కు మాత్రం కుర్చీ లేదు. 1939 సెప్టెంబర్ 1న ఏ దేశం మీద దాడితో రెండో ప్రపంచయుద్ధం మొదలైందో, అరవై లక్షల మంది పౌరులను ఏ దేశం పోగొట్టుకుందో, ఆ దేశాన్నే పిలవలేదు.

కారణం ఏమిటంటే, అప్పటికి పోలండ్‌కు రెండు ప్రభుత్వాలున్నాయి. ఒకటి యుద్ధం మొదలైనప్పుడు దేశం విడిచివెళ్లి, చివరికి లండన్ చేరి అక్కడి నుంచి పోరాడుతున్న ప్రభుత్వం. రెండోది స్టాలిన్ నిలబెట్టిన ప్రభుత్వం. ఏది అసలైనదో పెద్ద దేశాలు తేల్చుకోలేదు కాబట్టి ఎవరికీ ఆహ్వానం వెళ్లలేదు. చార్టర్ మీద పోలండ్ సంతకం కోసం కొంచెం ఖాళీ మాత్రం వదిలారు.

ఆ రోజుల్లోనే అక్కడి ఒపెరా హౌస్‌లో ఆర్థర్ రుబిన్‌స్టైన్ కచేరీ ఏర్పాటైంది. అప్పటికి ఆయనకు 58 ఏళ్లు, ప్రపంచమంతా పేరున్న పియానిస్టు. సమావేశానికి వచ్చిన ప్రతినిధులూ కచేరీకి వచ్చారు. హాల్లో దేశదేశాల జెండాలు కట్టి ఉన్నాయి. ఆయన వేదిక మీదికి వచ్చి, రివాజు ప్రకారం అమెరికా జాతీయగీతం వాయించాడు. ఆ జెండాల్లో తెలుపూ ఎరుపూ పట్టీల జెండా కోసం వెతికాడు. అది లేదు. కచేరీ మొదలుపెట్టబోయినవాడు లేచి నిలబడ్డాడు. ఇన్ని దేశాలు కలిసిన ఈ చోట, ఎవరి కోసం ఈ యుద్ధం మొదలైందో ఆ పోలండ్ జెండా ఎందుకు లేదని నిలదీశాడు. ఇప్పుడు పోలండ్ జాతీయగీతం వాయిస్తాను, అందరూ లేవండి అన్నాడు. సభ మొత్తం లేచింది. ఆయన ఆ గీతాన్ని నిదానంగా, బలంగా వాయించి, చివరి పాదాన్ని ఇంకా పెద్ద ధ్వనితో మళ్లీ ఎత్తుకున్నాడు. ఆ తర్వాత హాలంతా చప్పట్లతో మారుమోగింది.

ఆ చప్పట్ల గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. కొట్టినవాళ్లలో చాలామంది పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు. కొద్ది నెలల కిందటే యాల్టాలో చర్చిల్, రూజ్‌వెల్ట్, స్టాలిన్ కూర్చుని పోలండ్ తూర్పు భాగాన్ని సోవియట్ యూనియన్‌కు వదిలేయడానికి ఒప్పుకున్నారు. చప్పట్లు కొట్టినవాళ్లెవరూ ఆ తర్వాత ఆ ఒప్పందాన్ని మార్చలేదు. అయినా వాళ్లు నటించారని నేను అనుకోను. ఆ కొద్ది నిమిషాలూ వాళ్లు మనస్ఫూర్తిగానే నిలబడ్డారు. గొప్ప వాద్యకారుడి చేతిలో ఉన్న శక్తి అంతవరకూ వెళ్తుంది, దాని తర్వాతిది రాజకీయం చేయాల్సిన పని. పోలండ్‌వాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. అందుకే ఆ కచేరీని ఇప్పటికీ మరచిపోరు.

రుబిన్‌స్టైన్ వాయించిన ఆ పాట పుట్టుక వింటే విషయం ఇంకా స్పష్టమవుతుంది. దాని పేరు డొంబ్రొఫ్‌స్కీ మజుర్కా. 1797లో యూజెఫ్ విబిత్‌స్కీ ఇటలీలో కూర్చుని రాశాడు. అప్పటికి పోలండ్ అనే దేశమే లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియాలు 1772లో, 1793లో, 1795లో మూడు విడతలుగా దాన్ని పూర్తిగా పంచేసుకున్నాయి. దేశం పోయిన సైనికులు నెపోలియన్ దండులో చేరి, అతని సాయంతో తిరిగి ఇంటికి వెళ్తామనే ఆశతో పాడుకున్న పాట అది. 1918 దాకా, అంటే 123 ఏళ్లు, పోలండ్ పటంలో లేదు.

పటంలో గీతల సంగతి మన పావగడ తాలూకావాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. మూడు దిక్కులా ఆంధ్ర, మనం కర్ణాటకలో. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, సంతకు పోతే రెండూ. కానీ ఇంట్లో తెలుగు మాట్లాడినందుకు మనల్ని ఎవరూ కొట్టలేదు. ప్రష్యా ఏలుబడిలోని వ్జెష్న్యా అనే చిన్న ఊళ్లో 1901లో బడిపిల్లలు దైవపాఠం జర్మన్‌లో చెప్పం, మా భాషలోనే చెప్తామన్నందుకు పంతుళ్లు బెత్తాలతో కొట్టారు. అడ్డుపడిన తల్లిదండ్రులను కోర్టుకీడ్చి జైళ్లలో పెట్టారు. గీత గీయడం వేరు, గీత లోపలివాళ్ల నోరు కట్టేయడం వేరు. నోరు కట్టేసిన ఆ కాలంలో పోలండ్‌కు మాటల అవసరం లేని ఒక గొంతు దొరికింది. అది పియానో.

ఆ పియానోకు సంగీతం రాసిన ఫ్రెడరిక్ షోపెన్ 1810లో వార్సాకు దగ్గరి జెలజోవా వోలా అనే పల్లెలో పుట్టాడు. 1830 నవంబర్ మొదట్లో ఇరవై ఏళ్ల వయసులో వార్సా వదిలాడు. అదే నెల 29న రష్యా మీద తిరుగుబాటు మొదలైంది. అది అణగారిపోయింది, షోపెన్ మళ్లీ ఎప్పుడూ ఇంటికి రాలేదు. 1849లో పారిస్‌లో చనిపోయాడు. శరీరం అక్కడే ఉంది. గుండెను మాత్రం అక్క లుద్వికా వార్సాకు తెచ్చింది. ఇప్పుడది హోలీ క్రాస్ చర్చిలో ఒక స్తంభంలో ఉంది.

మజుర్కా అంటే పల్లెల్లో ఆడే నాట్యం, మూడు అక్షరాల తాళం. మన లెక్కలో తిశ్రం. బరువు మొదటి అక్షరం మీదే పడాలని లేదు, రెండో దాని మీదా మూడో దాని మీదా పడుతుంది. షోపెన్ యాభైకి పైగా మజుర్కాలు రాశాడు. పరాయి దేశంలో కూర్చుని తన ఊరి అడుగులను గుర్తుచేసుకున్నాడు.

పియానో మన ఊళ్లో చూసినవాళ్లు తక్కువ కాబట్టి దాని గురించి కొంచెం చెప్తాను. మన నాటకాలవాళ్ల హార్మోనియంకున్న మెట్లే దీనికీ ఉంటాయి, కాకపోతే ఎనభై ఎనిమిది. హార్మోనియం గాలితో పలుకుతుంది. తిత్తి ఊదుతున్నంతసేపూ స్వరం నిలబడుతుంది, పద్యం అందుకున్న నటుడి రాగం వెనక సాగుతూనే ఉంటుంది. పియానోలో మెట్టు నొక్కితే లోపల ఒక సుత్తి తీగను తాకుతుంది. తాకిన మరుక్షణం నుంచే ఆ స్వరం తగ్గిపోవడం మొదలవుతుంది, దాన్ని పెంచే దారి లేదు. గమకం లేదు, జారు లేదు. ఇలాంటి వాద్యం మీద పాట పాడినట్టు వినిపించాలంటే, తగ్గిపోతున్న స్వరం ఎంత మిగిలిందో చెవితో కొలిచి, తర్వాతి స్వరాన్ని సరిగ్గా అంత బరువుతోనే తాకాలి. రుబిన్‌స్టైన్‌ను జనం ఆరాధించింది ముఖ్యంగా దీనికే. ఆయన కంటే వేగంగా వాయించినవాళ్లున్నారు. కానీ ఆయన వేళ్ల కింద పియానో ఊపిరి తీసుకుని పాడుతున్నట్టుంటుంది.

పియానిస్టు దేశం కోసం నిలబడటం రుబిన్‌స్టైన్‌తో మొదలు కాలేదు. అంతకు ముందు ఇగ్నాత్సీ పడెరెఫ్‌స్కీ ఉన్నాడు. 1891 నుంచి అమెరికాలో ఆయన కచేరీలకు జనం విరగబడేవాళ్లు. మొదటి ప్రపంచయుద్ధంలో అదే అభిమానాన్ని ఆయన దేశం పనికి మళ్లించాడు. ఊరూరా కచేరీ చేసి, పోలండ్ బాధితుల కోసం చందాలు అడిగాడు, ఉపన్యాసాలిచ్చాడు, అధ్యక్షుడు విల్సన్ దాకా తన మాట చేరేలా చూశాడు. 1918 జనవరిలో విల్సన్ ప్రకటించిన పద్నాలుగు అంశాల్లో పదమూడోది స్వతంత్ర పోలండ్. ఆ డిసెంబర్ 26న పడెరెఫ్‌స్కీ పోజ్‌నాన్ నగరంలో దిగాడు. మర్నాడే అక్కడ జర్మన్ పాలన మీద తిరుగుబాటు లేచింది. 1919 జనవరిలో ఆయన ప్రధానమంత్రి అయ్యాడు, జూన్‌లో వెర్సాయ్ ఒప్పందం మీద పోలండ్ తరఫున సంతకం చేశాడు. పియానో ముందు నుంచి లేచివెళ్లి ప్రధాని కుర్చీలో కూర్చున్నవాడు లోకంలో ఇంకొకడున్నాడా అంటే నాకు తెలియదు. ఏడాది తిరక్కుండానే దిగిపోయాడు. పరిపాలన ఆయనకు అంతగా అబ్బలేదు, కానీ ఆయన తెచ్చిన గుర్తింపు నిలిచింది.

ఇరవై ఏళ్లకు మళ్లీ అంతా పోయింది. జర్మన్లు వార్సాను పట్టుకున్నాక షోపెన్‌ను బహిరంగంగా వాయించనివ్వలేదు. 1940 మే 31న వజెంకీ పార్కులోని ఆయన విగ్రహాన్ని పేల్చేశారు. జనం ఇళ్లలో తలుపులు వేసుకుని, దొరికిపోతే ప్రమాదమని తెలిసీ, కచేరీలు పెట్టుకున్నారు. 1944లో తమ మీద లేచిన తిరుగుబాటు తర్వాత జర్మన్లు నగరాన్ని వీధి వీధీ తగలబెట్టారు, పేల్చారు. చర్చిలోని షోపెన్ గుండెను అంతకు ముందే బయటికి తరలించారు. యుద్ధం ముగిశాక, 1945 అక్టోబర్ 17న, ఆయన వర్ధంతి రోజున, అది శిథిలాల మధ్య నుంచి తన చోటికి తిరిగివచ్చింది. దానికి రెండు రోజుల ముందే, అక్టోబర్ 15న, చార్టర్ మీద ఖాళీగా ఉంచిన చోట పోలండ్ సంతకం పడింది. సంతకం చేసింది మాత్రం స్టాలిన్ మద్దతున్న ప్రభుత్వం.

రుబిన్‌స్టైన్ సంగతి ఇక్కడ ఇంకొకటి చెప్పకపోతే అన్యాయం. ఆయన యూదుడు. 1887లో ఊచ్ అనే నేతమిల్లుల నగరంలో పుట్టాడు. జర్మన్లు అక్కడి యూదులందరినీ ఒక వాడలో బంధించి, తర్వాత మరణ శిబిరాలకు పంపారు. ఆయన కుటుంబంలో చాలామంది ఆ విధంగానే పోయారు. పోలండ్ తన యూదులతో ఎప్పుడూ న్యాయంగా నడుచుకుందని నేను రాయలేను. 1946లో కీల్త్సే నగరంలో యుద్ధం నుంచి బతికి బయటపడిన యూదులను గుంపు చంపింది. 1968లో ప్రభుత్వమే వేలమందిని దేశం వదిలేలా చేసింది. ఇదంతా తెలిసినవాడికి, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ జెండా కోసం అడిగింది ఊచ్‌లో పుట్టిన యూదుడని గుర్తొస్తే గుండె బరువెక్కుతుంది. ఆయన అడిగిన పోలండ్ ఆయన్నీ తనవాడిగా లెక్కపెట్టే పోలండ్.

యుద్ధం తర్వాత ఆయన 1958లో తొలిసారి ఇక్కడికి వచ్చి వాయించాడు. 1960లో వార్సా షోపెన్ పోటీకి గౌరవాధ్యక్షుడిగా కూర్చున్నాడు. అయిదేళ్లకోసారి జరిగే ఆ పోటీ 1927లో మొదలైంది. అక్టోబర్‌లో పోటీ జరుగుతుంటే ఇక్కడ కూరగాయల కొట్టులో కూడా రేడియోలో అదే మోగుతుంది, ఎవరు ఏ మజుర్కా ఎలా వాయించారో వరుసలో నిలబడినవాళ్లు గట్టిగా వాదించుకుంటారు.

పేల్చేసిన షోపెన్ విగ్రహాన్ని 1958లో మళ్లీ నిలబెట్టారు. 1959 నుంచి వేసవి ఆదివారాల్లో, మధ్యాహ్నం పన్నెండుకూ నాలుగుకూ, దాని పాదాల దగ్గర పియానో పెట్టి కచేరీ చేస్తారు. టికెట్ లేదు. గులాబీ మళ్ల పక్కన బెంచీల మీద, గడ్డి మీద వందలమంది కూర్చుంటారు. ఒకసారి నా పక్కన ఒక ముసలాయన కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, మోకాళ్ల మధ్య చేతికర్ర. మజుర్కా వస్తున్నంతసేపూ ఆయన చూపుడువేలు కర్రపిడి మీద తాళం వేస్తూనే ఉంది, మూడో అక్షరం దగ్గర కొంచెం ఆగి పడేది. అయిపోయాక నన్ను చూసి ఇండియానా అని అడిగి, వెంటనే జామ్ సాహెబ్ పేరెత్తాడు. 1942లో, స్టాలిన్ సైబీరియాకు తోలిన కుటుంబాల పిల్లలను వందలమందిని గుజరాత్ తీరంలోని బాలాచడిలో పెట్టి సాకిన నవానగర్ మహారాజు ఆయన. వార్సాలో ఆయన పేరిట ఒక చౌక్ ఉంది. ఇక్కడ మనదేశం పేరు చెబితే పాతతరంవాళ్లకు ముందు గుర్తొచ్చేది ఆ మహారాజే.

రుబిన్‌స్టైన్ 1975లో, 88 ఏళ్ల వయసులో, చూపు బాగా మందగించాక, పుట్టిన ఊరు ఊచ్‌కు వచ్చి అక్కడి ఫిల్హార్మోనిక్‌తో వాయించాడు. ఆ కచేరీ చిత్రీకరించి ఉంది, వీలైతే చూడండి. షోపెన్ మజుర్కాలన్నిటినీ ఆయన తన జీవితంలో మూడుసార్లు రికార్డు చేశాడు. మొదటిసారి 1938, 39ల్లో, అంటే యుద్ధానికి ముందు. తర్వాత 1952, 53ల్లో. చివరిసారి 1965, 66ల్లో. అన్నీ ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతాయి. మన పొలాల్లో చెనక్కాయల చోట సోలార్ పలకలు వచ్చాక సాయంత్రాలు కాస్త తీరిక దొరుకుతోందని ఊరివాళ్లు చెప్తున్నారు కాబట్టి అడుగుతున్నాను. ఓపస్ 17లో నాలుగోది, ఏ మైనర్ మజుర్కా, నాలుగైదు నిమిషాలే ఉంటుంది. ముందు అది వినండి. మొదటిసారికి పట్టుబడకపోతే తాళం మీద ధ్యాస పెట్టి రెండోసారి వినండి. ఆ తర్వాత ఆయన మొదటి రికార్డునూ చివరి రికార్డునూ పక్కపక్కన పెట్టి విని, మీకేది నచ్చిందో నాకు రాయండి.