కత్తెర పడిన కథ



ముప్పది యేండ్లకు పైగా పాఠశాలలో తెలుగు, సంస్కృతములు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. ఇట్టివానికి చలనచిత్రములతో పనియేమని మీరు శంకింపవచ్చును. నా వృత్తిలో నేను చేసిన యొక పొరపాటే నన్నీ విషయమునకు దెచ్చినది.

ఒక సంవత్సరము పరీక్షలు దగ్గరపడుటచే శాకుంతల కథను త్వరగా ముగింపదలచి, దుర్వాసుని శాపఘట్టమును విడిచిపెట్టితిని. పాఠము కాగానే ఒక బాలుడు లేచి, “అయ్యా, దుష్యంతుడు అంత కపటియా?” అని యడిగెను. నాకు నోట మాట రాలేదు. నేను విడిచినది చిన్న ఘట్టము. దానితో పోయినది రాజు శీలము.

చలనచిత్రములకును ఇట్టి యాపదయే కలుగుచుండును. దర్శకుడు కూర్చిన చిత్రమును వ్యాపారులు తమ యవసరముకొలది కత్తిరింతురు. కొన్ని యేండ్లకు ‘దర్శకుని ప్రతి’ యను పేర, తరచుగా నిడివి పెరిగి, మరియొకటి వెలువడును. నిడుపైనదే మేలని కొందరు, తొలుత ఆటశాలలలో ఆడినదే చాలునని కొందరు వాదింతురు. ఒక జర్మను చిత్రము చరిత్రను చూచి మనము నిర్ణయింతము.

ఫ్రిట్జ్ లాంగు దర్శకత్వమున ఉఫా సంస్థ నిర్మించిన ‘మెట్రోపొలిస్’ అను మూకీ చిత్రము 1927 జనవరి 10వ తేదీన బెర్లినులో తొలిసారి ప్రదర్శింపబడెను. దాని నిడివి 4,189 మీటర్లు. అందు రాట్వాంగ్ అను యంత్రశిల్పి హెల్ అను స్త్రీని ప్రేమించెను. ఆమె నగరాధిపతియైన ఫ్రెడర్సనును పెండ్లాడి, కుమారుని కని మరణించెను. ఆమెను మరల పొందగోరియే ఆ శిల్పి యంత్రస్త్రీని నిర్మించెను. అతని పగకు మూలమదియే.

అమెరికాలో ప్రదర్శించుటకై పారమౌంటు సంస్థవారు ఈ చిత్రమును మిక్కిలి కుదించిరి. హెల్ అను పేరు ఆంగ్లమున నరకమను మాటవలె వినబడునని ఆమె వృత్తాంతమునే తొలగించిరి. జర్మనీలోను ఆ యేడే 3,241 మీటర్లకు తగ్గించిన ప్రతి ఆడెను. కారణము పోయినందున రాట్వాంగ్ వట్టి పిచ్చివాడుగా మిగిలెను. పలుతరముల ప్రేక్షకులు అతని నట్లే చూచిరి. దర్శకుడు లాంగు 1976లో మరణించెను.

2008లో అర్జెంటీనా రాజధానియగు బ్యూనస్ ఐరిస్‌లోని చలనచిత్ర వస్తుప్రదర్శనశాలలో 16 మిల్లీమీటర్ల ప్రతి యొకటి బయటపడెను. గీతలు పడి మాసినదే యైనను, పోయిన భాగములలో సుమారు 25 నిమిషములు అందు గలవు. వానిని చేర్చి 2010లో బెర్లినులో మరల ప్రదర్శించిరి. అప్పటికిని దొరకని కొలది భాగమున ఏమి జరిగెనో అక్షరములతో తెలిపిరి. చెదలు తిన్న తాళపత్రమున లోపించినచోట చుక్కలు పెట్టు మన పరిష్కర్తల పద్ధతియే యిది.

అంతమాత్రమున పొడవైనదెల్ల మేలని తలపరాదు. కొప్పోలా 1979 నాటి తన ‘అపోకలిప్స్ నౌ’ చిత్రమునకు 2001లో 49 నిమిషములు చేర్చెను. 2019లో తానే అంతకంటె తక్కువ నిడివిగల మూడవ ప్రతిని కూర్చెను. రిడ్లీ స్కాటు 1982లో తీసిన ‘బ్లేడ్ రన్నర్’కు 1992లో వెలువడిన దర్శకుని ప్రతిలో కథానాయకుని వ్యాఖ్యానమును, అతికించిన సుఖాంతమును తీసివేసిరి. అచ్చట మేలు తీసివేత వలననే కలిగినదని నా తలంపు.

శాకుంతలమునకును వంగదేశపు పాఠమొకటి కలదు. అందు మూడవ యంకము దేవనాగరీ పాఠముకంటె పెద్దది. ఆ యధిక ప్రణయసంభాషణము లేకున్నను కథకు లోటు లేదు. శాపము లేకున్న కథయే నిలువదు.

కావున, మహాశయులారా, నిమిషములను లెక్కింపకుడు. కత్తెర యెవరి చేతిదని యడుగుడు. తీసినది కథకు కారణమా, అలంకారమా యని విచారింపుడు. కారణమును కోసినచో నిర్దోషి దోషియగును. దానిని మరల చేర్చుట చిత్రమునకు మెరుగు పెట్టుట మాత్రమే కాదు, న్యాయము చేయుట.

మరునాడు ఆ బాలునికి శాపఘట్టము పూర్తిగా చెప్పితిని. “అట్లయిన రాజు మంచివాడే” యని అతడు సంతసించెను. దుష్యంతునికి ఒక్క రాత్రి గడచి దొరకిన న్యాయము రాట్వాంగునకు దొరకుటకు ఎనుబది యేండ్లు దాటినది.