వరస ముందు, వయసు తర్వాత

జురాసిక్ అనగానే మనకు స్పీల్‌బర్గ్ సినిమా, అందులో అరిచే డైనోసార్ గుర్తొస్తాయి. నిజానికి ఆ పేరు ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ సరిహద్దులోని జురా కొండలది. పెర్మియన్ రష్యాలోని పెర్మ్ నుంచి వచ్చింది, డెవోనియన్ ఇంగ్లండ్‌లోని డెవన్ జిల్లా నుంచి. భూమి చరిత్ర మొత్తానికి మనం వాడే పట్టికలో సగం పేర్లు ఇలా యూరప్ పటంలోంచి ఊడిపడ్డవే. అవి పెట్టిన పంతొమ్మిదో శతాబ్దపు పెద్దమనుషుల్లో ఒక్కరికీ ఆ రాళ్ల వయసెంతో తెలియదు.

మన పల్లెల్లో పాతతరం వాళ్లని వయసడిగితే కరువు ఏడు పుట్టాననో, దివిసీమ ఉప్పెనకు ముందే పెళ్లయిందనో చెబుతారు. అంకె రాదు గానీ, ఎవరికంటే ఎవరు పెద్దో మాత్రం తేడా రాదు. భూకాలపట్టిక కూడా సరిగ్గా అలాగే తయారైంది.

కింది పొర ముందు పడింది, పై పొర తర్వాత పడింది. ఈ మాటను 1669లో నీల్స్ స్టెనో అనే డెన్మార్క్ వైద్యుడు రాసిపెట్టాడు. ఇంత తేలిక మాట మరొకటి లేదు. కానీ ఒక లోయలోని పొర పక్క లోయలో ఎక్కడుందో ఎలా పోల్చాలి? సున్నపురాళ్లన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. దానికి దారి చూపినవాడు విలియం స్మిత్, కమ్మరి కొడుకు. సోమర్సెట్‌లో బొగ్గు పడవల కోసం కాలువ తవ్విస్తుంటే, ఒక్కో పొరలో దాని సొంత శిలాజాలే ఉంటాయనీ, వాటి వరస ఎక్కడా మారదనీ గమనించాడు. ఆ ఆనవాళ్లతోనే 1815లో ఇంగ్లండ్, వేల్స్ రాళ్లకు రంగుల పటం అచ్చేశాడు. నాలుగేళ్లకు అప్పు తీర్చలేక జైలు పాలయ్యాడు. 1831లో లండన్ జియలాజికల్ సొసైటీ తన మొదటి వోలస్టన్ పతకం ఇచ్చి తప్పు దిద్దుకుంది. అప్పటి అధ్యక్షుడు ఆడమ్ సెజ్విక్.

అదే సంవత్సరం సెజ్విక్ ఉత్తర వేల్స్‌లో రాళ్లు చదువుతూ వెంట డార్విన్ అనే కుర్రాణ్ణి తిప్పుకున్నాడు. సెజ్విక్ మతగురువు, కేంబ్రిడ్జి ప్రొఫెసరు. ఆయన మిత్రుడు రోడరిక్ మర్చిసన్ సైన్యం వదిలి నక్కల వేటలో పొద్దుపుచ్చిన ధనవంతుడు. వేటకంటే రాళ్లు బాగున్నాయని ఇటు వచ్చాడు. సెజ్విక్ అడుగు పొరల నుంచి పైకి, మర్చిసన్ దక్షిణాన పై పొరల నుంచి కిందికి వచ్చారు. 1835లో ఇద్దరూ కలిసి పేర్లు ప్రకటించారు. వేల్స్‌ లాటిన్ పేరు మీద కేంబ్రియన్, అక్కడి ప్రాచీన తెగ సైలూర్ల మీద సైలూరియన్. ఇద్దరి రాళ్లూ ఎక్కడ కలుస్తాయో తేల్చలేదు. సెజ్విక్ చెప్పిన పై కేంబ్రియన్, మర్చిసన్ చెప్పిన కింది సైలూరియన్ ఒకే రాళ్లని తర్వాత బయటపడింది. గట్టు తగాదా మొదలైంది. మర్చిసన్ వైపు శిలాజాల బలముంది. పైగా 1855లో ఆయనే బ్రిటిష్ భూసర్వే డైరెక్టర్ జనరల్ అయ్యాడు. పాత స్నేహితుల మధ్య మాటలు నిలిచిపోయాయి. 1871లో మర్చిసన్, 1873లో సెజ్విక్ పోయారు. తగాదా మాత్రం పోలేదు.

దాన్ని తీర్చినవాడు చార్లెస్ లాప్‌వర్త్, స్కాట్లాండ్ పల్లెపట్టున బడిపంతులు. మాఫట్ దగ్గర నల్లటి పలకరాళ్ల మీద గ్రాప్టొలైట్లు దొరుకుతాయి. అవి సముద్రంలో తేలిన చిన్న జీవుల గుంపుల ఆనవాళ్లు. పెన్సిలు గీతంత సన్నగా, ఒక పక్క రంపపు పళ్లతో కనిపిస్తాయి. అంతకుముందు చూసినవాళ్లు ఆ కొండలన్నీ వేల అడుగుల మందాన ఒకే పొర అనుకున్నారు. లాప్‌వర్త్ పొర పొరా విడదీసి, ఏ జాతి ఏ పట్టీలో ఉందో రాసుకున్నాడు. అవే సన్న పట్టీలు మడతలు పడి మళ్లీ మళ్లీ పైకొస్తున్నాయని తేలింది. తగాదాలో ఉన్న రాళ్ల జీవాలు పైవాటికీ కిందివాటికీ కూడా చెందవని తేల్చి, 1879లో ఆ ముక్కను వేరుచేసి, ఇంకో తెగ పేరు మీద ఆర్డోవిషియన్ అన్నాడు. ఆ పేరుకు అంతర్జాతీయ ఆమోదం రావడానికి 1960 దాకా పట్టింది. పట్టికలో అన్నిటికంటే నమ్మదగ్గ గీత పదవుల్లో ఉన్నవాళ్లది కాదు, ఈ బడిపంతులు గీసిందే అనిపిస్తుంది నాకు.

స్మిత్ మేనల్లుడు జాన్ ఫిలిప్స్ 1841లో ఈ యుగాలన్నిటినీ పురాజీవ, మధ్యజీవ, నవజీవ మహాయుగాలుగా కట్టాడు. 1860లో జీవవైవిధ్యానికి ఒక గీత గీశాడు. అందులో రెండు పెద్ద పల్లాలున్నాయి, ఒకటి పెర్మియన్ చివర, ఒకటి క్రిటేషియస్ చివర. ఇప్పుడు మనం మహావినాశనాలు అనేవి అవే. క్రిటేషియస్ చివర పడిన గ్రహశకలం సంగతి తెలియడానికి ఇంకో నూట ఇరవై ఏళ్లుంది!

అంకెల సంగతికొస్తే, భూమి చల్లారే లెక్క వేసి లార్డ్ కెల్విన్ 1862లో రెండు కోట్ల నుంచి నలభై కోట్ల ఏళ్లన్నాడు. తర్వాత ఇంకా తగ్గించాడు. డార్విన్‌కు అది చాల్లేదు, కానీ ఎదురు చెప్పే లెక్క ఆయన దగ్గర లేదు. రేడియోధార్మికత బయటపడ్డాక ఆ లెక్క పునాదే కదిలింది. యురేనియం క్రమంగా సీసమవుతుంది, ఆ వేగం తెలుసు. 1911లో ఇరవయ్యొక్కేళ్ల ఆర్థర్ హోమ్స్ నార్వేలోని ఒక డెవోనియన్ రాయిలో సీసాన్ని కొలిచి 37 కోట్ల ఏళ్లన్నాడు. ఇప్పటి లెక్కలో కూడా అది డెవోనియన్‌లోనే పడుతుంది. 1956లో క్లెయిర్ ప్యాటర్సన్ ఉల్కల సీసంతో భూమికే 455 కోట్ల ఏళ్లు తేల్చాడు. అంకెలొచ్చాక కూడా పాత వరసలో ఒక్క యుగమూ ముందువెనకలు కాలేదు.

ఇప్పుడు హద్దులు పెట్టడం కమిటీల పని. చైనాలోని మీషాన్‌లో పెర్మియన్ ముగిసిన చోటును 2001లో ఖాయం చేశారు. ఆ గీత వయసు దాదాపు 25 కోట్ల 19 లక్షల ఏళ్లు. 2018లో పట్టికలో చేరిన మేఘాలయన్ అనే కాలం మన మేఘాలయలోని గుహలో పెరిగిన రాతి మీద ఆధారపడింది. మనిషి పేర ఆంత్రొపొసీన్ పెట్టాలన్న ప్రతిపాదన మాత్రం 2024లో ఓటింగులో ఓడింది.

కేంబ్రియన్‌కు ముందున్న కాలమే భూమి చరిత్రలో ఎనభై ఎనిమిది శాతం. అక్కడ గవ్వలు, గుల్లలు లేవు, స్మిత్ పద్ధతి పనిచేయదు. విలియం కింగ్ 1872లో మన కడప, కర్నూలు రాళ్లను పొరలవారీగా రాసిపెట్టినా, ప్రపంచ పట్టికలో వాటి చోటు చెప్పే శిలాజం ఆయనకు దొరకలేదు. వేంపల్లె సున్నపురాయిలో కనిపించే మెలికల గుట్టలు కంటికి కనపడని జీవులు కట్టినవి. వాటినిబట్టి యుగం చెప్పలేం. దారి చూపింది పులివెందుల దగ్గర, వేంపల్లె పొరలకు పైన ఉన్న తాడిపత్రి పొరల్లోకి కరిగి దూరి గడ్డకట్టిన అగ్నిశిల. దాని ఖనిజంలో సీసం కొలిస్తే సుమారు 188 కోట్ల ఏళ్లు వచ్చింది. దూరినది తాను దూరిన పొరకంటే చిన్నదే కావాలి. కాబట్టి కింద ఉన్న వేంపల్లె గుట్టలు అంతకంటే పాతవి.