పంచాయతీలో ‘నిధుల్లేవు’ అంటున్నారా? లెక్క ఇలా చూడండి

గ్రామ పంచాయతీకి వచ్చే కేంద్ర ఆర్థిక సంఘం నిధులన్నీ ఇష్టమొచ్చిన పనికి వాడటానికి వీల్లేదు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికి చెరిసగం కేటాయించింది. మిగతా 40 శాతాన్ని వీధి దీపాలు, రోడ్ల వంటి స్థానిక అవసరాలకు వాడొచ్చని చెప్పింది. జీతాలకు మాత్రం కుదరదంది. అందుకే రోడ్డుకు డబ్బు లేకపోయినా పైప్‌లైన్ మరమ్మతుకు ఉండొచ్చు.

మీ ఊరి లెక్క ఇ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో చూడొచ్చు. జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే ఆమోదించిన పనులు, చేసిన ఖర్చు కనిపిస్తాయి.

అక్కడున్న పని ఊళ్లో కనిపించకపోతే గ్రామసభలో అడగండి. బిల్లుల నకళ్లు కావాలంటే సమాచార హక్కు చట్టం కింద పంచాయతీ కార్యాలయంలో దరఖాస్తు చేయండి. తెలుగు రాష్ట్రాల్లో గ్రామస్థాయిలో దరఖాస్తు రుసుము లేదు. 30 రోజుల్లోగా జవాబివ్వాలి.